ఫ్రీడా గొంతు వృథా అయిందా?

అబ్బా అనే స్వీడన్ పాప్ బ్యాండ్‌లో పాటలు కట్టే బెన్నీ, బ్యోర్న్ కాక ఇద్దరు గాయనులు. బంగారు జుట్టు అగ్నేతా గురించి ఎక్కువమంది మాట్లాడతారు. రెండో ఆవిడ పేరు అన్ని-ఫ్రిడ్ లింగ్‌స్టాడ్, అందరూ ఫ్రీడా అంటారు. 1982 చివర్లో బ్యాండ్ ఆగిపోయింది, విడిపోతున్నామని ఎవరూ ప్రకటించలేదు కూడా. ఆ ఏడాది నుంచి ఫ్రీడా సొంతంగా చేసినవి ఇంగ్లీషులో రెండు ఆల్బమ్‌లు, చాలా ఏళ్ళ తర్వాత స్వీడిష్‌లో ఒకటి, అంతే. ఆ గొంతును ఆవిడే వృథా చేసుకుందని తమ్ముడు మురళి వాదన. ఆ మాట వింటేనే అక్క పద్మకి కోపం. నేను పద్మ వైపే, కానీ మురళి అడిగేవి తీసిపారేసే ప్రశ్నలు కావు.

మురళి: అక్కా, ముందు లెక్క చూద్దాం. అబ్బా 1973 నుంచి 1981 దాకా ఎనిమిది ఆల్బమ్‌లు చేసింది. తర్వాత ఫ్రీడా ఒక్కతే చేసినవి 1982లో 'సమ్‌థింగ్స్ గోయింగ్ ఆన్', 1984లో 'షైన్', 1996లో స్వీడిష్ ఆల్బమ్. పద్నాలుగేళ్ళలో మూడు. 'మనీ మనీ మనీ', 'నోయింగ్ మీ నోయింగ్ యూ', 'సూపర్ ట్రూపర్' వీటన్నిట్లో ముందుండి పాడింది ఆవిడే కదా, అలాంటి గొంతుకి మూడేనా? నాకైతే చేతికందిన పంటను కోయకుండా వదిలేసినట్టే ఉంది.

పద్మ: నువ్వు లెక్క 1982 నుంచి మొదలుపెడుతున్నావు, అక్కడే పొరపాటు. ఆవిడ 1945లో పుట్టింది. పదమూడేళ్ళ వయసులోనే డాన్స్ బ్యాండ్లతో పాడటం మొదలుపెట్టింది, జాజ్ పాడింది. 1967 సెప్టెంబర్ 3న ఒక పాటల పోటీలో గెలిచింది. ఆ రోజు స్వీడన్ మొత్తం బండ్లు ఎడమ వైపు నుంచి కుడి వైపుకి మారిన రోజు, జనం ఇళ్ళల్లో టీవీ ముందు కూర్చున్న రోజు, గెలిచిన ఆవిడని అదే సాయంత్రం తీసుకెళ్ళి దేశమంతా చూసే టీవీ షోలో పాడించారు. అప్పటికి అబ్బా అన్న పేరే పుట్టలేదు. బ్యాండ్ ఆవిడ జీవితంలో మధ్యలో వచ్చింది, మధ్యలోనే పోయింది. అసలు మనిషి అంతకుముందు నుంచీ ఉంది.

మురళి: సరే, ఒప్పుకుంటా. కానీ అంతకుముందు పాటలతో స్వీడన్ బయట ఆవిడ ఎవరికి తెలుసు?

పద్మ: 'ఫెర్నాండో' నీకు తెలుసుగా?

మురళి: తెలియకపోవడమేంటి, అది అబ్బా పాట.

పద్మ: మొదట కాదు. 1975లో ఆవిడ సొంతంగా 'ఫ్రీడా ఎన్‌సామ్' అని స్వీడిష్ ఆల్బమ్ చేసింది, బెన్నీ ప్రొడ్యూస్ చేశాడు. 'ఫెర్నాండో' ముందు అందులో వచ్చింది. స్వీడిష్ మాటల్లో యుద్ధం, నది, నక్షత్రాలు ఏమీ లేవు, ప్రేమ పోగొట్టుకున్న మనిషిని ఊరడించే పాట అది. అక్కడ బాగా ఆడింది కాబట్టే 1976లో మాటలు మార్చి ఇంగ్లీషులో అబ్బా పేరుతో విడుదల చేశారు. అంటే ప్రపంచమంతా పాడుకున్న ఆ పాటని బ్యాండే ఆవిడ సోలో ఆల్బమ్‌లోంచి తీసుకుంది. ఎన్‌సామ్ అంటే ఒంటరి అని. ఆ పేరు పెట్టేనాటికి ఆవిడ బ్యాండ్‌లోనే ఉంది చూడు.

మురళి: ఇది నాకు కొత్త విషయమే. అయినా రాసింది బెన్నీ, బ్యోర్న్, వాళ్ళ మేనేజర్. నా అసలు బాధ అదే. ఆవిడకి ఎప్పుడూ ఇంకొకళ్ళు రాసిచ్చారు, ఇంకొకళ్ళు రికార్డు చేశారు. 1982 ఆల్బమ్‌లో 'ఐ నో దేర్స్ సమ్‌థింగ్ గోయింగ్ ఆన్' పెట్టుకుని విను, పాట మొదలవ్వగానే ఏం వినిపిస్తుంది? ఆ ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసిన ఇంగ్లండ్ గాయకుడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ డ్రమ్స్. ఛాతీ మీద కొట్టినట్టుంటాయి. తర్వాతే ఆవిడ గొంతు. నాకది ఫ్రీడా పేరు మీద వచ్చిన కాలిన్స్ రికార్డులా అనిపిస్తుంది.

పద్మ: ఆ కాలిన్స్‌ని కావాలని పిలిచింది ఎవరు? 1981 ఫిబ్రవరిలో బెన్నీ, ఫ్రీడా విడిపోతున్నట్టు ప్రకటించారు. ఆ రోజుల్లో ఆవిడ పదే పదే విన్న ఆల్బమ్ కాలిన్స్ 'ఫేస్ వాల్యూ'. అదీ విడాకుల బాధలోంచి వచ్చిందే. తన పరిస్థితి తెలిసిన మనిషి కావాలనుకుంది, వెళ్ళి అడిగింది. ముప్పై ఆరేళ్ళ ఆడమనిషి, ప్రపంచంలో అంత పేరున్న బ్యాండ్‌లో ఉండి, మాజీ భర్త ఇంకా అదే బ్యాండ్‌లో ఉండగా, అదే పోలార్ స్టూడియోలోకి వేరే ప్రొడ్యూసర్‌ని తీసుకొచ్చి తన గొంతు కొత్తగా రికార్డు చేయించుకుంది. మన సినిమా పాటల్లో గాయని స్టూడియోకి వెళ్ళి మ్యూజిక్ డైరెక్టర్ ఇచ్చింది పాడి వస్తుంది, మనకి అది అలవాటు. అబ్బాలోనూ ఇంచుమించు అంతే. ఈ ఆల్బమ్‌కి మాత్రం ప్రొడ్యూసర్‌ని తనే ఎంచుకుంది, పాటలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుంది. బ్రయన్ ఫెర్రీ పాట ఒకటి, జార్జియో మొరోడర్ వాళ్ళది ఒకటి. అమెరికా కవయిత్రి డొరొతీ పార్కర్ కవిత ఒకటుంది, దానికి బాణీ కట్టింది ఎవరో తెలుసా? పెర్ గెస్లె. అతను తర్వాత పెట్టిన రాక్సెట్ బ్యాండ్ అప్పటికి పుట్టనే లేదు.

మురళి: పాటలు ఎంచుకోవడం గొప్పేలే, కాదనను. గొంతు సంగతి?

పద్మ: గొంతు సంగతే చెప్పబోతున్నా, నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. ఫ్రీడాది అగ్నేతా కన్నా కింది స్థాయి గొంతు, బరువున్న గొంతు. అబ్బా పాటల్లో ఇద్దర్నీ కలిపి పైకి, ఇంకా పైకి తోసేవాళ్ళు, ఆ మెరుపు అలా వచ్చేది. అది అద్భుతం, నేనే ఎన్నిసార్లు విన్నానో. కానీ ఆ మెరుపులో ఫ్రీడా గొంతులోని గరుకు కనబడదు. 'ఐ నో దేర్స్ సమ్‌థింగ్ గోయింగ్ ఆన్'లో మొదటి చరణం విను, మొగుడి మనసు ఇంకెక్కడో ఉందని తెలిసిపోయిన ఆడదాని పాట, ఆవిడ ఏడవదు, దాదాపు మాట్లాడినట్టు, పళ్ళు బిగించి పాడుతుంది. డ్రమ్స్ అంత పెద్దగా ఉన్నా ఆ గొంతు వాటి కింద నలగలేదు, ఎదురు నిలబడింది. అబ్బాలో ఆవిడ చేత అలా ఎవరూ పాడించలేదు.

మురళి: ఆ పాట నాకూ ఇష్టమే అక్కా, దాంతో గొడవ లేదు. అమెరికాలో 13వ స్థానం దాకా వెళ్ళింది, అక్కడ అబ్బాకే నంబర్ వన్ వచ్చింది ఒక్క 'డాన్సింగ్ క్వీన్'కే కాబట్టి 13 అంటే చిన్న విషయం కాదు. ఆ పాట రాసిన రస్ బల్లార్డే తర్వాతి ఏడాది అగ్నేతాకి ఇంకో పాట ఇస్తే అది 29 దగ్గర ఆగింది. అంటే ఇద్దర్లో అమెరికా తలుపు పెద్దగా తెరుచుకుంది ఫ్రీడాకే. నా కోపం అక్కడే మొదలవుతుంది. తలుపు తెరుచుకున్నాక లోపలికి వెళ్ళాలి కదా? సొంతంగా కచేరీలు చేస్తూ దేశాలు తిరగాలి, వెంటనే అదే తోవలో ఇంకోటి చేయాలి. అది వదిలేసి పారిస్ వెళ్ళి, అంతకుముందు యూ2 బ్యాండ్‌కి పనిచేసిన ప్రొడ్యూసర్ స్టీవ్ లిల్లీవైట్‌తో 'షైన్' చేసింది. సింథసైజర్ల మోత, మొదటి ఆల్బమ్ నచ్చినవాళ్ళకి అది అర్థమే కాలేదు. ఆడలేదు కూడా. ఒక్కో ఆల్బమ్‌కి ఒక్కో మనిషి వెంట వెళ్తే వినేవాడికి ఆవిడ ఎవరో ఎలా తెలుస్తుంది?

పద్మ: 'షైన్' ఆడలేదు, నిజమే. అన్ని పాటలూ బాగున్నాయని నేనూ అనను, కొన్నిటిలో గొంతు ఎక్కడుందో వెతుక్కోవాలి. కానీ అందులో రెండు పాటలున్నాయి, వాటి కోసమైనా ఆ ఆల్బమ్ రావాల్సిందే అంటా. ఒకటి 'డోంట్ డూ ఇట్', ఆవిడ సొంతంగా రాసింది. ఇంకొకళ్ళు రాసిస్తేనే పాడుతుందన్నావుగా, ముప్పై ఎనిమిదేళ్ళకి తన పాట తను రాసుకుని రికార్డు చేసింది. రెండోది 'స్లోలీ', బెన్నీ, బ్యోర్న్ రాసిచ్చారు. విడాకులయ్యి మూడేళ్ళు, బ్యాండ్ ఆగి రెండేళ్ళు, మాజీ భర్త బాణీని వేరే ఊళ్ళో వేరే ప్రొడ్యూసర్ దగ్గర పాడింది. తెంచుకోవాల్సిన చోట తెంచుకుంది, ఉంచుకోవాల్సింది ఉంచుకుంది. తనెవరో తెలియని మనిషి ఇలా చేయలేదు.

మురళి: ఆవిడ రాసిన పాట సంగతి వినగానే నాకు ఇంకా కోపం వస్తోంది! రాయగలిగినప్పుడు ఎందుకు ఆపేసింది? 1984 తర్వాత చూడు. 1987లో రాటాటా అనే స్వీడిష్ జంటతో ఒక పాట, ఇంకా అక్కడో పాట ఇక్కడో పాట, అంతే. స్విట్జర్లాండ్ వెళ్ళి స్థిరపడింది. పాట తప్ప ఇంకేం చేసింది?

పద్మ: పర్యావరణం కోసం పనిచేసింది. స్వీడన్ కళాకారుల్ని ఆ విషయం మీద కూడగట్టింది. పాడింది కూడా, కానీ దాని కోసం పాడింది. నీకది పనిలా అనిపించదు, ఎందుకంటే చార్టుల్లో కనబడదు.

మురళి: అలా అనకు అక్కా. మంచి పనే, కాదన్నానా? నేను అడిగేది గొంతు గురించి. ఆ పని చేయడానికి చాలామంది ఉన్నారు. ఆ గొంతు ఒక్కరికే ఉంది.

పద్మ: ... ఇది మాత్రం బాగా అడిగావు. కానీ ఒక గొంతు ఉన్న పాపానికి ఆ మనిషి చనిపోయేదాకా మనకి పాడుతూనే ఉండాలా? పదమూడేళ్ళ నుంచి ముప్పై తొమ్మిదేళ్ళ దాకా ఆపకుండా పాడింది. ఆవిడ చిన్నతనం తెలుసుగా నీకు? నార్వేలో పుట్టింది, తండ్రి జర్మన్ సైనికుడు, యుద్ధం అయ్యాక అలాంటి పిల్లల్ని ఊళ్ళో ఎలా చూశారో చదివితే కడుపు తరుక్కుపోతుంది. అమ్మమ్మ చంకనేసుకుని స్వీడన్ తీసుకొచ్చేసింది. తల్లి ఊహ తెలియకముందే పోయింది. తండ్రి బతికే ఉన్నాడని తెలిసింది 1977లో, అప్పటికి ఈవిడ ప్రపంచమంతా తెలిసిన మనిషి. ఇంత మోసిన మనిషి నలభైకి దగ్గరపడుతూ ఇక చాలు, కాసేపు కొండల్లో కూర్చుంటాను అంటే నాకు తప్పు కనబడటం లేదు.

మురళి: తప్పు అనలేదు. నష్టం అంటున్నా. రెండూ ఒకటి కాదు.

పద్మ: మరి 1996 ఆల్బమ్ ఏ ఖాతాలో రాస్తావు? 'యూపా ఆందెతాగ్', అంటే లోతైన ఊపిరులు. ఆండర్స్ గ్లెన్‌మార్క్ ప్రొడ్యూసర్. యాభై ఏళ్ళ వయసులో, మళ్ళీ తన భాషలో, తన స్థాయిలో, ఎవరితోనూ పోటీ లేకుండా పాడింది. స్వీడన్‌లో నంబర్ వన్. అందులో రాక్సెట్ మేరీ ఫ్రెడ్రిక్సన్‌తో ఒక యుగళం ఉంది, పేరుకి అర్థం నా అతి మంచి సంవత్సరాలన్నీ అని. 1982లో పెర్ గెస్లె బాణీ పాడిన ఆవిడే పద్నాలుగేళ్ళకి అదే రాక్సెట్‌లో రెండో మనిషి పక్కన నిలబడింది, ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరికీ పెద్ద గొంతులే, ఒకరి మీద ఒకరు గెలవాలని చూడకుండా పాడారు.

మురళి: స్వీడన్‌లో నంబర్ వన్. అప్పటికి కోటి జనం కూడా లేని దేశం అక్కా అది. 'ఫెర్నాండో' పాడిన మనిషికి అది సరిపోయిందా?

పద్మ: ఆవిడకి సరిపోయింది. సరిపోనిది నీకు. ఆ తర్వాత ఇంకోటి ఎందుకు చేయలేదో నీకూ తెలుసు. 1998లో కూతురు రోడ్డు ప్రమాదంలో పోయింది. 1999లో, బెన్నీ తర్వాత పెళ్ళి చేసుకున్న భర్త క్యాన్సర్‌తో పోయాడు.

మురళి: తెలుసు. ఆ తర్వాత గురించి నేనెప్పుడూ ఏమీ అనలేదు, అనను కూడా. 2004లో డీప్ పర్పుల్ బ్యాండ్ కీబోర్డు వాద్యకారుడు జాన్ లార్డ్ ఆల్బమ్‌లో పాడింది, అప్పుడైనా నోరు విప్పిందంటే అదే ఎక్కువ. నేను అడిగేది 1984కీ 1996కీ మధ్య పన్నెండేళ్ళు. అప్పుడు ఆ దుఃఖాలు లేవు. 2021లో అబ్బా మళ్ళీ వచ్చినప్పుడు 'ఐ స్టిల్ హావ్ ఫెయిత్ ఇన్ యూ' విన్నావుగా, ముందుండి పాడింది ఆవిడే, డెబ్బై దాటిన గొంతు. ఆ పాట వింటూ అందరూ కళ్ళు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నా. కాసేపయ్యాక కోపం వచ్చింది. ఈ గొంతు ఇన్నాళ్ళూ ఉంది కదా, నలభైల్లో ఇంకెలా ఉండేదో, ఆ పన్నెండేళ్ళలో ఇంకో నాలుగు ఆల్బమ్‌లు ఎందుకు లేవు అని.

పద్మ: ఆ పాటలో మొదటి వాక్యాలు కింది స్థాయిలో మొదలవుతాయి, గమనించావా? 1982లో దొరికిన గొంతు అది. పైకి తోయడం మానేసి ఆవిడ గొంతుని ఆవిడకి వదిలేశారు. సోలోగా పాడిన ఆ కొద్ది పాటలే లేకపోతే బెన్నీకి ఆ పాట ఆవిడ చేత అలా మొదలుపెట్టించాలని తోచేది కాదని నా నమ్మకం. నిరూపించలేను. వింటే మాత్రం అలాగే అనిపిస్తుంది.

మురళి: నీ నమ్మకానికి నేనేం చెప్పను.

పద్మ: ఒకటి అడుగుతా, నిజం చెప్పు. 1996 ఆల్బమ్ మొత్తం విన్నావా?

మురళి: నాలుగు పాటలు విన్నా.

పద్మ: నాలుగుతో ఎందుకు ఆపావు?

మురళి: భాష రాదు కదా అక్కా. ఏం పాడుతోందో తెలియక పక్కన పెట్టేశా.

పద్మ: 'ఫెర్నాండో' పుట్టింది ఆ భాషలోనే. ఆవిడ ఎక్కువ మాట్లాడిన చోట నువ్వు వినకుండా వెళ్ళిపోయి, మాట్లాడలేదని గొడవ పడుతున్నావు.

మురళి: మిగతావి వింటా. మాటల అర్థం పక్కన పెట్టుకుని మొదటి నుంచీ వింటా. కానీ ఆ పన్నెండేళ్ళ సంగతి మాత్రం వదలను, విన్నాక మళ్ళీ ఫోన్ చేసి మరీ అడుగుతా.