హోంపేజీలో తిరిగే ఆ ఫొటోలు ఎవరి కోసం?

యూనివర్సిటీ వెబ్‌సైట్ ఏది తెరిచినా ముందు కనిపించేది తిరిగే ఫొటోలే. స్నాతకోత్సవం, రిబ్బన్ కత్తిరిస్తున్న పెద్దలు, పచ్చిక మీద ల్యాప్‌టాప్‌తో నవ్వుతున్న నలుగురు విద్యార్థులు. ప్రవేశాల ఆఖరి తేదీ, ఫీజు, హాస్టల్ వివరాల కోసం వచ్చినవాళ్లు వాటిని దాటుకుని కిందికి పోవాలి. డిజైన్ ఎన్నిసార్లు మారినా ఈ స్లైడ్‌షో మాత్రం చెక్కుచెదరదు. దాన్ని తీసేయాల్సిందే.

అమెరికాలోని నోట్రడామ్ విశ్వవిద్యాలయ వెబ్ నిపుణుడొకరు 2013లో తమ హోంపేజీ లెక్కలు బయటపెట్టారు. స్లైడ్‌షో మీద క్లిక్ చేసింది వచ్చినవాళ్లలో సుమారు 1 శాతమే. ఆ క్లిక్కుల్లోనూ అత్యధికం మొదటి స్లైడ్‌కే పడ్డాయి. అయినా అది ఎందుకు పోదు? ప్రతి విభాగానికీ హోంపేజీలో చోటు కావాలి, ఎవరినీ నొప్పించకూడదు. ఆ పంచాయితీ తెగక పుట్టిందే స్లైడ్‌షో.

ఫొటోలు లేకపోతే సైట్ బోసిపోతుందని కొందరంటారు. నిజమే, క్యాంపస్ ఎలా ఉంటుందో చూడాలని ఎవరికైనా ఉంటుంది. అయితే వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే యాకబ్ నీల్సన్ 2010లోనే, పాఠకుల చూపు ఎటు పోతోందో గమనించి చెప్పారు: నిజమైన మనుషుల ఫొటోలను జనం పట్టి చూస్తారు, అలంకారానికి పెట్టినవాటిని పట్టించుకోరు.

స్లైడ్‌షో కంటే ఎక్కువ నష్టం చేసేది బొమ్మగా మార్చి పెట్టే నోటీసు. పరీక్ష తేదీలు, ఫీజు గడువు అన్నీ పోస్టర్‌లోనే ఉంటాయి. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. పెద్దది చేస్తే మసకబారతాయి. తేదీని కాపీ చేసుకుందామంటే కుదరదు. చూపులేని విద్యార్థి తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెడితే గడువు వినిపించదు, ఫైల్ పేరు వినిపిస్తుంది. అదే తేదీని పేజీలో మామూలు అక్షరాల్లో రాస్తే ఈ బాధలేవీ ఉండవు. మామూలు సైజు అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య వెలుగులో కనీసం 4.5:1 నిష్పత్తి ఉండాలని, 5 సెకన్లకు మించి వాటంతటవే కదిలేవాటిని ఆపే వీలుండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతూనే ఉన్నాయి. వీడియోలకు సరైన క్యాప్షన్లు లేవని హార్వర్డ్, ఎంఐటీల మీద 2015లో బధిరుల సంఘం కోర్టుకెక్కింది. రెండూ చివరికి రాజీకి వచ్చి క్యాప్షన్లు ఇస్తామని ఒప్పుకున్నాయి. అంత పేరున్న సంస్థలకు ఆ పని ముందే తట్టి ఉండాల్సింది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది నిజాయితీ సంగతి. 2000లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తన ప్రవేశాల పుస్తకం అట్ట మీద, ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్న తెల్లజాతి విద్యార్థుల గుంపులో ఒక నల్లజాతి విద్యార్థి ముఖాన్ని అతికించి దొరికిపోయింది. ఇప్పుడు అతికించే శ్రమ కూడా అక్కర్లేదు, ఏఐని అడిగితే లేని ల్యాబ్‌ను క్షణాల్లో గీసిస్తుంది. పరిశోధన పత్రంలో చిత్రాన్ని మార్చితే తప్పని పాఠం చెప్పే సంస్థ, తన హోంపేజీకి ఆ నియమం వర్తించదంటే ఎలా? ఫొటో కూడా ఒక ప్రకటనే. ఇల్లు వదిలి వచ్చే విద్యార్థి దాన్ని నమ్మి కొన్నేళ్ల జీవితాన్ని పణంగా పెడతాడు.

కాబట్టి హాస్టల్ గది ఫొటో పెడితే కింద అది ఏ బ్లాకో, ఎప్పుడు తీశారో, అందులో ఎందరుంటారో రాయాలి. ల్యాబ్ ఫొటో పెడితే ఆ పరికరం మీద డిగ్రీ విద్యార్థులకు పని చేసే వీలుందో లేదో చెప్పాలి. ఆ రెండు ముక్కలు రాయలేని ఫొటోను హోంపేజీ నుంచి తీసేయాలి.