ఓట్స్ డబ్బా కాదు, బియ్యం సంచి చూడండి

ఓట్స్ పీచుతో బరువు తగ్గుతామా? అన్నం తగ్గించి ఆ చోట తింటే కొంత తగ్గుతారు. అన్నానికి తోడుగా తింటే పెరుగుతారు.

ఓట్స్‌లో పనిచేసే పీచు పేరు బీటా గ్లూకాన్. నీళ్లలో కరిగి జిగురుగా మారుతుంది కాబట్టి తిన్నది కడుపులోంచి నెమ్మదిగా కిందికి జారుతుంది. రోజుకు 3 గ్రాములు తింటే గుండెకు మేలని ప్యాకెట్ మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే ఒప్పుకుంది. అది కొలెస్ట్రాల్ సంగతి, నడుం కొలత సంగతి కాదు. కడుపు నిండి తక్కువ తింటారన్న వాదనకు ఆధారాలు చాలవని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2011లో తేల్చింది.

పైగా ఆ 3 గ్రాములకు పొడి ఓట్స్ 75 గ్రాములు కావాలి. మనవాళ్లు వేసుకునేది 40. అందులో 150 కేలరీలే. కానీ 200 మిల్లీలీటర్ల పాలు, రెండు పెద్ద చెంచాల తేనె, అరటిపండు, పది బాదంపప్పులు చేరేసరికి గిన్నె 550 దాటుతుంది. మూడు ఇడ్లీలు, సాంబారు కలిపినా అంత కావు!

‘ఓట్ ఫైబర్’ పేరుతో అమ్మే పొడి ఇంకో తిరకాసు. అది గింజ పైపొట్టు పొడి. కరగదు, జిగురు రాదు. విరేచనం సాఫీ కావచ్చు, అంతే. జిగురు కావాలంటే ఓట్ బ్రాన్ (ఓట్స్ తవుడు) కొనాలి, లేదా అటుకుల్లాంటి ఓట్స్‌ను ఏడెనిమిది రెట్ల నీళ్లలో సన్నమంట మీద ఉడికించాలి. ఒక్కసారిగా మోతాదు పెంచితే కడుపు ఉబ్బుతుంది. ఓట్స్ వారానికి పది గ్రాముల చొప్పున పెంచాలి, నీళ్లూ పెంచాలి.

ఓట్స్‌తో తగ్గినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. పొద్దున పూరీ మానేసి ఓట్స్ పట్టుకున్నవాళ్లు వాళ్లు. ఆ ఘనతలో సగం పూరీదే.

అసలు పీచు కరువు డబ్బాతో తీరేది కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో 10, రాగుల్లో 11. ఓట్స్‌లోనూ దాదాపు అంతే. బీటా గ్లూకాన్ జిగురు జొన్నకు లేదు, నిజమే. కానీ ఓట్స్ పొద్దున ఒక గిన్నె, అన్నం రెండు పూటలా కంచం నిండా.

తెలంగాణలో రేషన్ కింద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు, అందులో పీచు ఐదున్నర గ్రాములు. అదే 4 కిలోల బియ్యం, 2 కిలోల జొన్నలు ఇస్తే కేలరీలు ఇంచుమించు అవే, పీచు పది గ్రాములు దాటుతుంది. ఇచ్చేది మాత్రం గింజలుగానే ఇవ్వాలి. పిండి నిల్వ ఉంటే చేదెక్కుతుంది, మరపట్టించాక జల్లెడ పడితే తవుడుతోపాటు పీచూ పోతుంది.