ఆరడుగుల పెట్టె, నాలుగు చక్రాలు

పాలమూరులో నిలువ నీడ లేనివారి సమస్య గత నెలలో పరిష్కారమైంది. ఈ శుభవార్త నీడ లేనివారికి ఇంకా చేరకపోవడం ఒక్కటే మిగిలిన లోటు. ఒక కళాశాల ఆవరణలో, షామియానా కింద, ఎర్ర తివాచీ మీద, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల, ప్రదర్శనలో బహుమతి పొందిన ఫైబర్ పెట్టె ఒకటి కొలువుతీరింది. దానికి నాలుగు చక్రాలు, తోసుకుపోవడానికి ఒక పిడి, సెల్‌ఫోన్ చార్జింగు కోసం నెత్తిన ఒక సోలార్ పలక. పేరు 'సంచార గూడు'. ఆ గూటిలో పడుకోవలసిన వారెవరినీ ఆ రోజు లోపలికి రానివ్వరాదని గేటు దగ్గరి కాపలాదారుకు ముందే చెప్పి ఉంచారు.

గూటిలో పడుకొని చూపించే భారం అందువల్ల ముఖ్య అతిథి మీద పడింది. వారిది నిండైన విగ్రహం. శాలువా తీయకుండానే, మోకాళ్లు మడిచి, ఇద్దరు అధ్యాపకులు వెనుక నుంచి నెట్టగా లోపలికి ప్రవేశించారు. ఫోటో కోసం తలుపు మూశారు. గడియ పడింది, తిరిగి రాలేదు. లోపలి నుంచి ఏదో మాట వినిపించగానే ప్రసంగం మొదలైందనుకొని సభికులు చప్పట్లు కొట్టారు. ఈ లోగా, చక్రాలకు అడ్డంగా రాయి పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రానందువల్ల, పెట్టె మెల్లగా పల్లానికి కదిలి ఉప్మా గిన్నెల దిశగా ప్రయాణం సాగించింది. వెంట నిర్వాహకులు, వారి వెంట ఫోటోగ్రాఫరు. "చూడండి, ఎంత సులభంగా కదులుతున్నదో" అని మైకులోని అమ్మాయి ప్రకటించింది. బయటపడిన అతిథి చెమటలు తుడుచుకొని, లోపల ఎంతో ప్రశాంతంగా ఉన్నదని సెలవిచ్చి, రెండు సీసాల నీళ్లు తాగి, ఏసీ కారెక్కారు.

గాలి ఎటు నుంచి వస్తుందని గానీ, మన ఎండాకాలంలో ఆ ఫైబరు పెనం కాదా అని గానీ ఎవరూ అడగలేదు. కాలకృత్యాల సంగతి రెండో దశలో పరిశీలిస్తారట. అడిగినవాడు ఒక్కడే, ఆ కాపలాదారు: "సారూ, గిది రాత్రిపూట యాడ ఆపుకోవాలె?" అది డిజైన్ పరిధిలోకి రాదని అతనికి ఓపికగా వివరించారు.

ఇటువంటి మేధస్సు మనకే పరిమితమని పొంగిపోనవసరం లేదు. అమెరికాలో మైఖేల్ రాకోవిట్జ్ అనే కళాకారుడు 1998లోనే ప్లాస్టిక్ సంచులతో గాలిగుడారాలు తయారుచేసి, భవనాల నుంచి బయటికి పోయే వెచ్చని గాలిని వాటిలోకి మళ్లించాడు. అయితే అది పరిష్కారం కాదని, నిరసన అని తానే చెప్పుకొనేటంత నిజాయితీ అతనికి ఉండేది. లాస్ ఏంజిలెస్‌లో దాతలు చక్రాల మీద కట్టి ఇచ్చిన చిట్టి ఇళ్లలో కొన్నింటిని 2016లో నగరపాలక సిబ్బంది వచ్చి ఎత్తుకుపోయారు. చక్రాలు ఉండగా ఎత్తుకుపోవడానికి కష్టమేముంది?

ఆ చక్రాలు పడుకునేవాడి కోసం పెట్టినవి కావు, మన కోసం పెట్టుకున్నవి. వాడు మన దుకాణం ముందు ఆగితే పక్క దుకాణం ముందుకు, అక్కడి నుంచి బస్టాండు గోడ పక్కకు, అర్ధరాత్రి లాఠీ చప్పుడైతే ఊరి బయటికి తోసుకుపోవడానికి అనువుగా చేసినవి. ఒక్క మనిషి కాళ్లు చాపుకునేంత నేల ఇవ్వడానికి మనసొప్పని ఊరు, ఆ నేల అవసరమే లేని ఇల్లు కనిపెట్టి బహుమతి ఇచ్చుకుంది. పట్టణ నిరాశ్రయుల వసతి గృహాలకు కేంద్ర మార్గదర్శకాలు మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలన్నాయి. లక్ష జనాభాకు వంద మంది పట్టే శాశ్వత వసతి ఉండాలన్నాయి. పెట్టె 18 చదరపు అడుగులు. శవానికి ఇంతకంటే ఎక్కువ జాగా తవ్వుతాం.

అసలు సంచార గూడు పాలమూరుకు కొత్తదా? కూలీలను పనికి తోలుకుపోయే గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, తాటిపత్రి, నాలుగు కర్రలు, రెండు గిన్నెలు మూటగట్టి, పిల్లలను చంకనెత్తుకొని వలస పోయినవాళ్లు ఏ ప్రదర్శనలో బహుమతి పొందారు? 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్‌కు 1967లో నీళ్లు పారేదాకా రాయి మోసినవారిలో మన పాలమూరు కూలీలు ఉన్నారు. ఆనకట్ట ఉన్నచోటే నిలబడింది. మోసినవాళ్లు మళ్లీ మూట కట్టుకొని ఇంకో మట్టిపనికి పోయారు. వారి మనుమలకు ఇప్పుడు చక్రాలు బిగిస్తున్నాం!

నీడ విలువ తెలియని ఊరు కూడా కాదు మనది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించాం. మంచి పనే. ఆ చెట్టును నాలుగు చక్రాల మీదికి ఎక్కించి పక్క జిల్లాకు నెడదామని మాత్రం ఎవరూ అనలేదు.

వారం తర్వాత ఆ కళాశాల ముందు నుంచి పోతూ ఆగాను. సంచార గూడు సైకిల్ స్టాండులో ఇనుప స్తంభానికి గొలుసుతో కట్టి ఉన్నది, తలుపుకు తాళం. ఎందుకని కాపలాదారును అడిగాను.

"రాత్రిపూట ఎవలన్న వచ్చి పండుకుంటరని సారూ" అన్నాడు.