బాలింత ఒక్కరు, నిపుణులు పదిమంది

బాలింత గదిలోకి అడుగుపెడితే చాలు, మనిషి ఏ చదువూ లేకుండానే డాక్టరైపోతాడు. బిడ్డ కాస్త మూలిగితే "పాలు పడట్లేదు" అని తీర్పు, ఆ వెంటనే శిక్ష: "గట్టిగా మసాజ్ చెయ్యాలి." పుట్టి ఒక పూటే అయిందనీ, ఆ బిడ్డ ఒకసారికి తాగేదే కొద్ది మిల్లీలీటర్లనీ, ముర్రుపాలు వచ్చేదీ ఆ లెక్కకేననీ, పాలు నిండుగా పడటానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి అయిదు రోజులూ పడుతుందనీ ఈ కమిటీకి చెప్పి చూడండి. మీ ధైర్యానికి నా నమస్కారం.

వీళ్ళది టూత్‌పేస్ట్ ట్యూబ్ సిద్ధాంతం. అడుగు నుంచి నొక్కుకుంటూ వస్తే రాక ఛస్తుందా? గొప్ప సిద్ధాంతమే, కాదనను. ఒకటే లోటు, రొమ్ము ట్యూబ్ కాదు. బిడ్డ ఎంత తాగితే అంత తయారుచేసే ఏర్పాటు అది. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంటేనే లోపల పని సాగుతుంది. చేపు రావాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవ్వాలి, టెన్షన్ పెడితే అది మొరాయిస్తుంది. నలుగురు చుట్టూ నిలబడి "ఇంకా రాలేదా?" అంటుంటే కన్నీళ్ళు తప్ప ఏమొస్తాయి!

మసాజ్ దండగ అని కాదండోయ్. నెలలు నిండని పిల్లల తల్లులు పాలు తీసే పంపుతో పాటు చేతులు కూడా వాడితే పాలు పెరిగాయని 2009లో జేన్ మోర్టన్ అనే పిల్లల డాక్టర్ బృందం చూపించింది. కమిటీ ఇంతవరకే చదివి "చూశారా!" అంటుంది. అక్కడ చేతులు ఆ తల్లులవేనన్న ముక్క మాత్రం కంటికి ఆనదు. వాపూ నొప్పీ ఉన్నప్పుడు గట్టిగా పిసకొద్దు, పైపైన నిమిరితే చాలని 2022లో తల్లిపాల మీద పనిచేసే డాక్టర్ల సంస్థ, అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ చెప్పింది. పాపం, వాళ్ళకి అనుభవం లేదేమో.

నాకు తెలిసిన ఒకావిడ అయిదో రోజు అందర్నీ బయటకు పంపి తలుపు వేసుకుంది. బిడ్డ రొమ్ము పట్టే తీరు సరిచేసుకుని, తాగడం నెమ్మదించినప్పుడల్లా వేళ్ళతో రొమ్ము మీద నెమ్మదిగా రాసింది. కాసేపటికి గుటకల చప్పుడు. మర్నాడు తడి డైపర్లు లెక్కపెడితే ఆరు, అంటే బిడ్డకి పాలు అందుతున్నట్టే.

తలుపు అవతల కమిటీ అప్పటికే తీర్మానం చేసేసింది: "మనం చెప్పిన మసాజే పనిచేసింది."