పాత సర్వర్లలో జనం ఎందుకు నిలవరంటే

ఆన్‌లైన్ గేముల పాత వెర్షన్‌ని మళ్లీ నడిపే క్లాసిక్ సర్వర్లలో జనం నిలవకపోడానికి పాత గ్రాఫిక్సే కారణం అని కొందరు అంటారు, నాకైతే అది సగమే నిజం అనిపిస్తోంది. వావ్ క్లాసిక్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ పాత రూపం) 2019 ఆగస్టులో ఓపెన్ అయినప్పుడు లాగిన్ క్యూలోనే గంటలు గంటలు పోయాయి కదా, అప్పుడూ అవే గ్రాఫిక్స్! అసలు తంటా టైముతోనే. అందులో మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌కి (పెద్ద గుంపు కలిసి చేసే పోరాటం) 40 మంది ఒకేసారి కూర్చోవాలి, 2004లో గేమ్ కొత్తగా వచ్చినప్పుడు కాలేజీ ఎగ్గొట్టి ఆడినోళ్లు ఇప్పుడు పిల్లల్ని పడుకోబెట్టి వచ్చేసరికి రెయిడ్ అయిపోతుంది. పైగా ఏ బాస్‌ని (పెద్ద శత్రువుని) ఎలా కొట్టాలో అందరికీ ముందే తెలుసు, ఇంకేం మజా. ఆఖరి లెవెల్ 60 అయ్యాక మెల్లగా జారుకుంటారు, ఆలస్యంగా చేరినోడికేమో చిన్న డంజన్‌కి (చిన్న గుంపుతో ఆడే గుహలాంటి చోటు) కూడా ఐదుగురు దొరకరు, చాట్‌లో అరగంట అడిగి అడిగి వాడూ లాగౌట్. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే మరో పాత గేమ్ మాత్రం 2013 నుంచి నడుస్తూనే ఉంది, అది పాతదాన్ని అలాగే ఉంచలేదు మరి, ప్లేయర్లతో ఓట్లేయించి కొత్తవి కలుపుతూ వచ్చారు.