ఎర్ర మాత్రపై నీలాపనిందలు

అనంతపురం జిల్లా పల్లెల్లో నిండుచూలాలు ఉన్న ఇంటికి వెళ్తే, గూట్లో దువ్వెన పక్కనో దేవుడి పటం వెనకనో, రక్తహీనతకు ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రల షీటు కనిపిస్తుంది. చాలా ఇళ్లలో ఆ షీటులో రెండో మూడో గుంతలు ఖాళీ అయి, మిగతా మాత్రలు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉంటాయి. ఎందుకు మింగలేదమ్మా అని ఆశా కార్యకర్త అడిగితే వచ్చే జవాబులు పాతవే: వికారంగా ఉంది, దొడ్డికి నల్లగా పోతోంది, బిడ్డ నల్లగా పుడుతుందని అత్త అంటోంది. ఈమధ్య ఇంకో జవాబు వచ్చి చేరింది. 'అది కెమికల్ అంట కదక్కా, మేం న్యాచురల్‌ది తెప్పించుకున్నాం.' ఆ న్యాచురల్‌ది పై అరలో ఉంటుంది. ఆకుపచ్చ మూత, సీసా మీద మునగ రెమ్మ బొమ్మ, ధర వెయ్యి దాటి ఉంటుంది. ఉపాధి పనికి పోతే ఆ ఇంటికి రోజుకు వచ్చే కూలి మూడొందల చిల్లర.

ఈ మాట ఊళ్లలోకి ఎట్లా వచ్చిందో తెలియనిది కాదు. ఫంక్షన్ హాల్లో మీటింగు పెడతారు, కడుపునిండా భోజనం పెడతారు. కోటు వేసుకున్న మనిషి తెర మీద పచ్చని తోటలు చూపించి, ఫ్యాక్టరీలో చేసిన విటమిన్‌కు ప్రాణం ఉండదంటాడు, ఒళ్లు దాన్ని విషంలా చూస్తుందంటాడు, ఆకు నుంచీ పండు నుంచీ తీసిందే ఒంటికి పడుతుందంటాడు. మర్నాడు సీసా పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది మాత్రం ఆయన కాదు. చిన్నమ్మ కొడుకో, ఎదురింటి టీచరమ్మో వస్తారు. గొలుసుకట్టు అమ్మకాల్లో చేరినవాళ్లు కట్టిన డబ్బు రాబట్టుకోవాలి, మనవాళ్లు అడిగితే మనం కాదనలేం. ఆ మొహమాటం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది.

సీసా కొనేవాళ్ల మీద మాకు ఏ చిన్నచూపూ లేదు. కడుపులో బిడ్డ బాగుండాలనే కదా వాళ్లు అప్పు చేసైనా కొంటున్నది. మా బాధంతా ఆ సీసా గూట్లోకి వచ్చాక ఎర్ర షీటు చెత్తలోకి పోవడం గురించి. అయిదో విడత (2019-21) జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అంటే పదిమందిలో ఆరుగురు. కాన్పు సమయంలో కాస్త ఎక్కువ రక్తం పోయినా తట్టుకోలేని పరిస్థితి వాళ్లది. ఇట్లాంటి చోట పుకారుకు ప్రాణాల ఖరీదు ఉంటుంది.

సహజమా, కృత్రిమమా అనే ప్రశ్నకు అన్ని విటమిన్లకూ కలిపి ఒకటే జవాబు లేదు. సి విటమిన్ సంగతే తీసుకుందాం. జామకాయలో ఉన్నదీ, రైక్‌స్టైన్ అనే శాస్త్రవేత్త 1930లలో ప్రయోగశాలలో తయారుచేసిందీ ఒకే ఆస్కార్బిక్ ఆమ్లం. అణువులో అణువంత తేడా లేదు. పేగుకు దాని పుట్టుక తెలిసే దారీ లేదు. ఇ విటమిన్‌లో మాత్రం న్యాచురల్ అనేవాళ్ల మాటే నిజం. కృత్రిమంగా చేసిన ఇ విటమిన్ ఎనిమిది రూపాల మిశ్రమం, అందులో సుమారు సగాన్నే శరీరం వాడుకుంటుంది. బి12 దగ్గరికి వస్తే ఈ విభజనే నిలవదు. దాన్ని ఏ మొక్కా తయారుచేయదు. మాత్రల్లో ఉండే బి12 అంతా బాక్టీరియాను పులియబెట్టి తీసిందే. స్పిరులినా పొడిలో బోలెడంత బి12 ఉందని అమ్ముతున్నారు కానీ, అందులో ఉన్నది ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని నకలు రూపం. గుడ్డు, పాలు, మాంసం ముట్టని కుటుంబాలు ఆ పొడిని నమ్ముకుంటే నరాలు దెబ్బతినేదాకా సంగతి తెలియదు. ఇక మందుల షాపులో దొరికే డి3 చాలావరకు గొర్రె ఉన్నిలోని కొవ్వు నుంచి తీసి, అతినీలలోహిత కాంతి తగిలించి తయారుచేసేది. మన కురుబల మందల మీద పెరిగే ఉన్నిలాంటి ఉన్ని నుంచే. దాన్ని ఏ గాటన కడతారు?

ఎర్ర మాత్ర దగ్గరికి వద్దాం. అందులో ఉన్నవి రెండే: 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఆ ఫోలిక్ అనే పేరు ఆకు అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చింది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి, వడగట్టి దాన్ని పట్టుకున్నారు. అంతకు పదేళ్లకు పైగా ముందే లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం లేక పాలిపోవడం చూసింది. ఈస్ట్ సారం పెడితే వాళ్లు తేరుకుంటున్నారని గమనించింది. దాంట్లో ఏముందో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆ పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుకు తోడబుట్టినవాళ్లను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ జబ్బుకు ఫోలిక్ ఆమ్లమే మందయింది. ఆకులో ఇంతింత ఉన్నదాన్ని పేదవాడికి కూడా అందేంత చవగ్గా, కావలసినంతగా చేసి చేతిలో పెట్టిన ఆ పనిని 'కెమికల్' అని ఒక్కమాటతో కొట్టిపారేస్తుంటే తెలుగువాళ్లుగా మాకు మనసు చివుక్కుమంటుంది.

పైగా ఫోలిక్ ఆమ్లం విషయంలో ప్రచారం చెప్పేదానికి నిజం పూర్తిగా తలకిందులు. కూరలో, పప్పులో సహజంగా ఉండే ఫోలేట్‌ను (ఫోలిక్ ఆమ్లం సహజ రూపాన్ని) మన ఒళ్లు సుమారు సగమే గ్రహిస్తుంది. తిండితో కలిపి మింగిన కృత్రిమ ఫోలిక్ ఆమ్లాన్ని 85 శాతం దాకా గ్రహిస్తుంది. వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు మళ్లీ అట్లాంటి కాన్పు కాకుండా ఫోలిక్ ఆమ్లం 72 శాతం మేర అడ్డుకుందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రచురించిన అధ్యయనం తేల్చింది. ఆ తల్లులు మింగింది మాత్రే.

ఇప్పుడు మునగాకు సీసా లెక్క చూద్దాం. పచ్చి మునగాకు వంద గ్రాముల్లో నాలుగైదు మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఆకులో నాలుగింట మూడు వంతులు నీరే కాబట్టి, ఎండబెట్టి పొడి చేస్తే వందకు పాతిక గ్రాములు మిగులుతుంది. అంటే గ్రాము పొడిలో ఇనుము మిల్లీగ్రాములో అయిదో వంతు. గ్రాము బరువున్న గోలీలు మింగి ఒక్క ఎర్ర మాత్రలోని 60 మిల్లీగ్రాములు అందుకోవాలంటే మూడువందల గోలీలు కావాలి. సీసాకు అరవై చొప్పున అయిదు సీసాలు, ఒక్కరోజుకు! ఆ ఆకులో గొప్పగా ఉండే సి విటమిన్ ఎండబెట్టేటప్పుడే చాలావరకు పోతుంది. మరి కొన్ని సీసాల మీద రోజుకు కావలసిన విటమిన్లన్నీ నూటికి నూరు శాతం ఉన్నాయని ఎట్లా రాస్తున్నారు? సీసా తిప్పి వెనక చిన్నక్షరాలు చదివితే జవాబు దొరుకుతుంది. ఆస్కార్బిక్ ఆమ్లం, పైరిడాక్సిన్ హైడ్రోక్లోరైడ్, సైనకోబాలమిన్. వద్దువద్దన్న ఫ్యాక్టరీ విటమిన్లే ఆకుపొడిలో కలిసి ఉంటాయి. ఇంకొన్ని కంపెనీలు ఈస్ట్‌ను పెంచే ద్రావణంలోనే కృత్రిమ విటమిన్లు పోసి, ఆ ఈస్ట్‌ను ఎండబెట్టి, ఆహారం నుంచి వచ్చిన విటమిన్ అని పేరు పెడతాయి.

అయితే న్యాచురల్ ప్రచారంలో ఒక నిజం ఉంది, దాన్ని మేము మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాం. ఆహారం చేసే పని మాత్ర చేయలేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్, ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్‌ను రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్రగా మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. క్యారెట్, ఆకుకూరలు బాగా తినేవాళ్లకు ఆ క్యాన్సర్ తక్కువని అంతకుముందు చూశారు కాబట్టే ఆ ప్రయోగం మొదలుపెట్టారు. ఆకులో పీచు, రకరకాల రంగు పదార్థాలు, ఇంకా ఎన్నో కలిసి ఉంటాయి. ఒక్కదాన్ని విడదీసి మోతాదు పెంచి పోస్తే ఆ ఫలితం రాలేదు. ఏ లోపమూ లేనివాళ్లు బలం కోసమని రోజూ మల్టీ విటమిన్ మింగడం అనవసరమని మేమూ అంటాం. కానీ ఈ నిజం మనల్ని తీసుకుపోవలసింది వంటింట్లోకి. ఇంకో సీసా దగ్గరికి ఎందుకు తీసుకుపోతోంది?

మన వంటింట్లో ఏం తక్కువ? రాగిసంగటి ముద్ద, మునగాకో చెంచలాకో వేసిన పప్పు, పక్కన శెనక్కాయల ఊరిబిండి. రాగుల్లో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. శెనక్కాయల్లో నయాసిన్ (బి3 విటమిన్), ఇ విటమిన్ దండిగా ఉంటాయి, ఆకులోని కెరోటిన్ ఒంటికి పట్టడానికి కావలసిన నూనె కూడా వాటిలోనే ఉంది. ఒక జామకాయ సగం కొరికితే ఆ రోజుకు సరిపడా సి విటమిన్ అందుతుంది. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన ఈ నేల మీద మునగచెట్టు నీళ్లు లేకపోయినా బతుకుతుంది, కొమ్మ పాతితే చాలు. కొర్రన్నం, సజ్జరొట్టె, గురుగాకు మన పళ్లెంలోంచి జారిపోయి, మూడుపూటలా పాలిష్ బియ్యం మిగిలిన తర్వాతే కదా మనకు ఈ సీసాల అవసరం ఉందనిపించింది.

అట్లాగని పాతకాలపు తిండిలో లోపమే లేదనడం కూడా సరికాదు. దక్కన్‌లో జొన్నే ఆధారంగా బతికిన పేద కుటుంబాల్లో ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేచే పెల్లాగ్రా అనే నయాసిన్ లోపపు జబ్బు ఉండేది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్లోని భాగం) ఎక్కువగా ఉండటమే దీనికి మూలమని 1960లో హైదరాబాదు పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతియా వాదించారు. సహజమైన గింజ తింటూనే మనుషులు జబ్బుపడ్డారు, నయాసిన్ మాత్రతో కోలుకున్నారు. ఇంత ఎండ కాసే మన సీమలోనూ డి విటమిన్ లోపం విస్తారంగా ఉందని తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనం చూపింది. లోపం ఉందని పరీక్షలో తేలినప్పుడు మందు వాడాలి. తగ్గాక తిండితో నిలబెట్టుకోవాలి.

ఈ గందరగోళంలో ప్రభుత్వ యంత్రాంగం తప్పు కూడా చిన్నది కాదు. షీటు చేతిలో పెట్టి రిజిస్టరులో సంతకం తీసుకుంటే పని అయిపోయిందనుకునే చోట్లున్నాయి. దొడ్డికి నల్లగా పోవడం ఒంట్లోకి ఇంకని ఇనుము వల్లేననీ, భయం లేదనీ ఒక్కమాట చెబితే సగం షీట్లు గూట్లో మిగలవు. రాత్రి భోజనం చేశాక వేసుకుంటే వికారం తక్కువ. టీతో పాటు మింగకూడదు, కాల్షియం మాత్రతో కలపకూడదు. నిమ్మకాయ నీళ్లతోనైతే ఇనుము బాగా పడుతుంది. కాన్పుకు ముందు 180 రోజులు, తర్వాత 180 రోజులు వేసుకోవలసిన మాత్ర గురించి ఇవన్నీ చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఫంక్షన్ హాల్లో ఆ కోటు మనిషి రెండు గంటలు మాట్లాడుతున్నాడు. రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలిపిన పోషకాల గింజను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసింది కూడా ఇట్లా ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్లే.

చట్టం ఉంది. ఆహార సప్లిమెంట్ల మీద 'ఔషధంగా వాడరాదు' అని ముద్రించాలి, జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. షుగరు, క్యాన్సర్ తగ్గిస్తామని కరపత్రాలు పంచితే 1954 నాటి అద్భుత నివారణల ప్రకటనల చట్టం కూడా వర్తిస్తుంది. జిల్లా ఆహార భద్రతా అధికారులు ఈ సీసాల శాంపిళ్లు తీసి, ఫలితాలను సచివాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో అతికించాలి. నెలనెలా అంగన్‌వాడీ దగ్గర జరిగే గ్రామ ఆరోగ్య పోషణ దినం నాడు ఏఎన్ఎంలు తల్లులను తమ ఇంట్లో ఉన్న సీసా కూడా వెంట తెమ్మనాలి. ఆ సీసా వెనక ఉన్న చిన్నక్షరాలనూ, ఎర్ర షీటు వెనక ఉన్న రెండు పేర్లనూ అందరి ముందూ పైకి చదవాలి. వచ్చే నెల నుంచే ఆ పని మొదలు కావాలని జిల్లా వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం.