గడువు పెంచితే బిడ్డ ఎదుగుతుందా?

తల మీదుగా చేయి పోనిచ్చి అవతలి చెవి అందుకోమనడం మన పల్లెబడుల్లో పాతతరానికి బాగా గుర్తున్న పరీక్షే. పుట్టినతేదీ కాగితం లేని ఆఫ్రికా పల్లెల్లో పలుచోట్ల బడి గుమ్మం దాటడానికి అదే కొలత. వేళ్లు చెవికి తగిలితే పేరు రాసుకుంటారు. తగలకపోతే ‘వచ్చే ఏడు తీసుకురా’ అని తల్లిని పంపేస్తారు. ఆ పిల్లకు ఏడేళ్లు నిండి ఉండవచ్చు. ఎదుగుదల మాత్రం అయిదేళ్ల పిల్లంతే.

ఎదుగుదల ఆగింది బడి ఈడులో కాదు, రెండేళ్లలోపే. ఆరో నెల దాటిన బిడ్డకు పల్చటి మొక్కజొన్న జావే తప్ప గుడ్డు, చేప, పప్పు అందని ఇళ్లలో ఆగింది. బడిలో ఆలస్యంగా చేరడానికి కారణం అప్పు పుట్టకపోవడమో, బడిలో చోటు లేకపోవడమో కాదని, పసితనపు పోషకాహార లోపమేనని ఘనా పిల్లలపై అధ్యయనం 1990లలోనే తేల్చింది. యుద్ధం, 1982-84 కరవు దెబ్బతీసిన జింబాబ్వే పల్లెల లెక్క ఇంకా సూటిగా ఉంది. పసితనంలో సరిగా ఎదిగి ఉంటే ఆ పిల్లలు 3.4 సెంటీమీటర్లు ఎక్కువ పెరిగేవారు, ఆరు నెలలు ముందే బడిలో చేరేవారు, మరో 0.85 తరగతి చదివేవారు.

ఇవన్నీ తెలిసే 2014లో ఆఫ్రికా దేశాల నేతలు ఈక్వటోరియల్ గినీలోని మలాబోలో మాటిచ్చారు. ఎదుగుదల కుంటుబడి వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల వాటాను 2025 నాటికి 10 శాతానికి తెస్తామన్నారు. గడువు తీరింది. అయిదేళ్లలోపు పిల్లల్లో ఇప్పటికీ పదిమందికి ముగ్గురిది అదే గతి. ఎవరైనా తప్పు తమదన్నారా? లేదు. 2025 జనవరిలో ఉగాండా రాజధాని కంపాలాలో కూర్చుని, 2035 నాటికి ఆ వాటాలో పావువంతు తగ్గిస్తామని కొత్త కాగితం రాసుకున్నారు. పదిశాతం అన్న నోళ్లే ఇప్పుడు ఇరవై రెండో ఇరవై మూడో చాలంటున్నాయి. అదీ మరో పదేళ్లకు!

కరవులు, అప్పులు, ఆగిన విదేశీ సాయం కారణాలంటున్నారు. అవి నిజమైన కష్టాలే. కానీ అమెరికా చేయి ముడుచుకున్నది 2025లో. అంతకుముందు పదేళ్లూ ఏమైనట్టు? ఆ దేశాల కూటమి ఆఫ్రికా యూనియన్ 2022ను పోషణ సంవత్సరమంది, 2024ను విద్యా సంవత్సరమంది. బిడ్డ ఒక్కటేనన్న సంగతి మరిచి తిండికో ఏడు, చదువుకో ఏడు పంచింది. బడి భోజనం మంచిదే, పెట్టాల్సిందే. కానీ ఆరేళ్లకు వడ్డించిన గిన్నె రెండేళ్లకు పోయిన ఎదుగుదలను వెనక్కి తేలేదు.

మనకూ గర్వపడే హక్కు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 31, తెలంగాణలో 33 శాతం పిల్లలది ఇదే స్థితి. తప్పిన గడువును చడీచప్పుడు లేకుండా జరిపే అలవాటు కంపాలాలో చెల్లితే, రేపు ఇక్కడా చెల్లుతుంది.

మలాబోలో సంతకాలు చేసిన ఏడాది పుట్టిన బిడ్డకు 2035లో ఇరవై ఒక్కేళ్లు నిండుతాయి. ఈ కొత్త గడువు ఆ బిడ్డకు దేనికి పనికొస్తుందో సంతకం పెట్టినవారే చెప్పాలి.